కొత్త పిల్లలు, పాత పెట్టలు

అమ్మడు ఇరవై ఐదు కోడిపిల్లలతో ఆటో దిగిన రోజు లక్ష్మణమ్మ వాటిని వాకిలి దాటనివ్వలేదు.

"అక్కడే ఆగు" అంది కోడలికి అడ్డంగా నిలబడి. "ఎక్కడివే ఇవి?"

"గజపతినగరం సంతలో కొన్నానత్తా. వేను మీద తెచ్చేరు. నెలన్నర పిల్లలు. తెగులు రాకుండా కంట్లో సుక్కల మందు కూడా వేసేరంట."

"ఎవులు సెప్పేరు?"

"అమ్మినోడే సెప్పేడు."

లక్ష్మణమ్మ అట్టపెట్టెల వైపు చూసింది కానీ దగ్గరికి రాలేదు. అరవై దాటిన మనిషి. భర్త రాముడు పోయాక పదకొండేళ్లుగా ఆ పెరట్లో కోళ్లు పెంచుతోంది. పద్దెనిమిది పెట్టలు, ఒక పుంజు. అన్నీ ఆ పెరట్లోనే పొదిగి పుట్టినవి. బయటి కోడి ఆ ఇంటికి రావడం ఇదే మొదలు.

కొడుకు ధర్మేంద్ర చెన్నైలో ఇళ్లు కట్టే పనికి పోయి ఆర్నెల్లకోసారి వస్తాడు. ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే. అమ్మడు రోజూ బస్సెక్కి గజపతినగరంలో ఒక బట్టల కొట్టులో పనికి వెళుతుంది. వాళ్లిద్దరికీ గొడవలు లేవు. కానీ పెరడు అత్తది, గుడ్లు అత్తవి, ఏ పెట్టను పొదగేయాలో, దేన్ని అమ్మాలో చెప్పేది అత్త. పెళ్లయిన ఆరేళ్లలో అమ్మడు ఆ ఇంట్లో "ఇది నాది" అని తెచ్చుకున్నవి ఆ పిల్లలే.

"తెచ్చేవు కాబట్టి ఉంచు" అంది లక్ష్మణమ్మ చివరికి. "పెరటి సివర, గెడ్డ ఒడ్డున మేకల పాక ఖాళీగా ఉన్నాది. అందులో పెట్టి వల కట్టు. ఇరవై ఒక్క రోజులు నా కోళ్లు అటు రాకూడదు, నీ పిల్లలు ఇటు రాకూడదు."

"ఇరవై ఒక్క రోజులా?"

"ఒంట్లో ఏటైనా ఉంటే ఆలోగా బయటపడతాది. ముందు నా కోళ్లకి మేత వేసి, ఆ తరవాత నీ పిల్లల దగ్గరికెళ్లు. వాటి దగ్గర్నించి వస్తే కాళ్లు కడగకుండా ఇటు రాకు. నీళ్ల మూకుడు కూడా వేరేగా పెట్టు. నాను ఆ పాక దగ్గరికి రానే రాను."

"ఆ తరవాత కలిపేద్దుమా?"

"ఒక్కసారే ఎలా కలుపుతావే? వారం దినాలు మధ్యలో వల కట్టాల. ఒకదాన్నొకటి సూసుకోవాల. అప్పుడు పొద్దు గూకేక, పెద్దవి కర్రెక్కి కునుకు తీస్తన్నప్పుడు, పిల్లల్ని లోనికి వదలాల. నాలుగు సోట్ల మేత, నాలుగు సోట్ల నీళ్లు. లేకపోతే ఈ పెద్దవి బతకనివ్వవు. ముందు నెత్తి మీద పొడుస్తాయి. రగతం కనిపించిందంటే ఇంక ఆపవు."

అమ్మడికి చాదస్తంగా అనిపించినా అత్త చెప్పినట్టే చేసింది. మేకల పాకలో ఊక పరిచింది, వల కట్టింది. పొద్దున్న పనికి వెళ్లే ముందు నూకలు, నానబెట్టిన చోళ్లు వేసేది. సాయంత్రం బస్సు దిగగానే మొహం కూడా కడుక్కోకుండా పాక దగ్గరికి పోయి కూర్చునేది. పిల్లలు ఆమె చీర అంచును ముక్కులతో లాగేవి.

నాలుగో రోజు పొద్దున్న ఒక పిల్ల మేతకు రాలేదు. మూలకు చేరి, మెడ లోపలికి లాక్కుని, రెక్కలు వేలాడేసి నిలబడింది. దాని కింద ఊక మీద ఆకుపచ్చగా, తెల్లగా రెట్ట ఉంది. అమ్మడు దాని నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పోసి బస్సుకు పరిగెత్తింది. సాయంత్రం వచ్చేసరికి అది కాళ్లు చాపుకుని పడి ఉంది.

అత్తకు చెబితే ఏమవుతుందో అమ్మడికి తెలుసు. మిగతా ఇరవై నాలుగింటినీ ఆ రోజే బయటికి పంపేయమంటుంది. వేనులో ఎండన పడి వచ్చిన పిల్ల, వడదెబ్బ తగిలి ఉంటుంది అనుకుంది. మిగతావి గంతులేస్తూ మేత తింటున్నాయి. జబ్బయితే అన్నిటికీ రావాలి కదా అని కూడా అనుకుంది. పాక వెనక జీడిచెట్టు మొదట్లో గునపంతో చిన్న గొయ్యి తీసి దాన్ని పాతిపెట్టింది. కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వచ్చింది.

"పిల్లలు బాగున్నాయేటి?" అని అడిగింది లక్ష్మణమ్మ.

"బాగున్నాయి."

మర్నాడు, ఆ మర్నాడు కూడా మిగతావి బాగానే ఉన్నాయి. అమ్మడు ఆ సంగతి మరిచిపోవడం మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజున తుపాను వచ్చింది. పొద్దున్న ఉత్త మబ్బు చూసి అమ్మడు పనికి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి గాలి లేచింది, బస్సులు ఆగిపోయాయి. కొట్టు యజమాని నగరేశ్వరరావు షట్టర్లు దించి, పల్లెల నుంచి వచ్చే ముగ్గురు ఆడపిల్లల్నీ మేడ మీద తన ఇంట్లో ఉండిపొమ్మన్నాడు. అత్త ఉన్న ఊళ్లో సచివాలయం వాళ్లు మైకు పట్టుకుని వీధులు తిరిగారు. పెంకుటిళ్లలో ఉన్నవాళ్లందరూ బడికి వచ్చేయమని చెప్పారు.

నాలుగు గంటలకు అమ్మడికి ఫోను వచ్చింది. గాలి హోరులో అత్త గొంతు అరుపులా వినిపించింది.

"అమ్మడూ! గెడ్డ పొంగీసినాది. మేకల పాకలోకి నీళ్లొచ్చేయి. నీ పిల్లలు వల మీదకెక్కి అరుస్తన్నాయి. ఇల్లు నిలుస్తాదో లేదో తెలీదు, ఇంట్లో పెట్టలేను. మమ్మల్ని బడికి పొమ్మంటన్నారు. పెరట్లో శ్లాబు గదొక్కటే గట్టిగా ఉన్నాది. నా కోళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏటి సెయ్యమంటావు?"

అమ్మడు ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"తొమ్మిది దినాలే అయ్యేయి కదే. నాకు బయంగా ఉన్నాది. పిల్లలకేటీ నలత లేదు కదా? సెప్పు, నీళ్లు పెరిగిపోతన్నాయి."

కిటికీ బయట రోడ్డు మీద ఒక రేకు ఎగిరి కరెంటు స్తంభానికి కొట్టుకుంది. అమ్మడికి జీడిచెట్టు మొదలు కళ్ల ముందు కనిపించింది. చెబితే పిల్లలన్నీ ఆ నీళ్లలోనే పోతాయి. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు.

"ఏటీ లేదత్తా" అంది. "లోన పెట్టేయ్."

ఆ తర్వాత ఫోను పనిచేయలేదు.

లక్ష్మణమ్మ మోకాల్లోతు బురదలో నాలుగుసార్లు తిరిగి పిల్లల్ని గంపలో మోసింది. పక్కింటి దానమ్మ తోడు వచ్చింది. దానమ్మ ఒంటరి మనిషి, లక్ష్మణమ్మను అక్క వరసలో అప్పా అని పిలుస్తుంది. ఆమెకు ఉన్నవి ఆరు పెట్టలు. వాటిని పెట్టిన తాటాకుల గూడు అప్పటికే గాలికి లేచిపోయింది.

"అప్పా, నావి కూడా ఇందులోనే పెట్టేద్దునా?"

"మరెక్కడ పెడతావే? తే బేగి."

లక్ష్మణమ్మ గది మధ్యలో నులక మంచాన్ని అడ్డంగా నిలబెట్టి గోనెసంచులు కట్టింది. పెద్దవి ఒక పక్క, పిల్లలు ఒక పక్క. పిల్లల వైపు నూకలు చల్లింది. తలుపు గొళ్లెం పెట్టి, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బడికి పోయారు.

మర్నాడు పొద్దున్న వచ్చి తలుపు తీసేసరికి మంచం పడిపోయి ఉంది. మూడు పిల్లలు నెత్తి మీద తోలు లేకుండా చచ్చి పడి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పుంజు ఇంకా కాలితో తొక్కిపెట్టి పొడుస్తోంది. మిగతావి జారిపడిన గోనెసంచుల వెనక ఒకదాని మీద ఒకటి ఎక్కి నక్కి ఉన్నాయి. లక్ష్మణమ్మ పుంజును తన్ని అవతలికి తోలింది. గాయాలైన పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పసుపు, వేపనూనె కలిపి రాసింది. మధ్యాహ్నం అమ్మడు పడిపోయిన చెట్లు దాటుకుంటూ ఆరు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరింది.

"మూడు పోనాయే" అంది అత్త తప్పు చేసినదానిలా. "మంచం గట్టిగా కట్టలేకపోయాను."

అమ్మడు అత్త చేతుల్లో పిల్లల్ని చూసి ఏడ్చింది. లక్ష్మణమ్మ అది ఆ మూడింటి కోసమే అనుకుంది.

అయిదు రోజులు గడిచాయి. పిల్లల్ని మళ్లీ విడిగా పెట్టారు. ఆరో రోజు పొద్దున్న గది తలుపు తీస్తే పెట్టలన్నీ బయటికి ఉరికాయి కానీ, ముసలి పెట్ట ఒకటి లోపలే ఉండిపోయింది. నోరు తెరుచుకుని గాలి పీలుస్తోంది. సాయంత్రానికి ఇంకో రెండు కూలబడ్డాయి. మర్నాటికి ఒకదాని మెడ మెలితిరిగి ముక్కు ఆకాశం వైపుకు లేచింది. అది మేత అందుకోబోయి వెనక్కి పడేది. లేచి మళ్లీ పడేది. గది నేలంతా ఆకుపచ్చ రెట్ట.

"కొక్కెర తెగులు" అంది లక్ష్మణమ్మ.

పశువుల ఆసుపత్రి నుంచి శ్రీనాథ్ అనే కుర్రాడు మంచుపెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. గది చూశాడు, రెట్టలు చూశాడు, పిల్లల్ని కూడా దూరం నుంచి చూశాడు.

"పట్టిన వాటికి మందు లేదమ్మా. పట్టని వాటికి సూది వేస్తే కాస్త ఆశ ఉంటుంది. ఎండాకాలంలో వేశాం కదా, మీ కోళ్లకు పడలేదా?"

"ఆ దినం మీరు రాకముందే తలుపు తీసేసేను బాబూ. పొలాల్లోకి పోనాయి. పట్టలేకపోయాను."

శ్రీనాథ్ అమ్మడి వైపు తిరిగాడు. "ఈ పిల్లలు బయటి నుంచి వచ్చినవి కదా. తుపానుకు ముందు వీటిలో దేనికైనా జబ్బు చేసిందా? ఏదైనా చచ్చిందా? గుర్తు చేసుకుని చెప్పండి."

దానమ్మ అక్కడే ఉంది. ఒళ్లో తన తెల్ల పెట్టను పెట్టుకుని ఉంది. దాని రెక్క ఒకటి జారిపోయి ఉంది.

"లేదు బాబూ" అంది అమ్మడు.

"అయితే గెడ్డలో పైనుంచి కొట్టుకొచ్చిన చచ్చిన కోళ్ల వల్ల వచ్చి ఉంటుంది. పై ఊళ్లలో ముందు సూదులు వేసుకుంటూ రావాలి. నా దగ్గర మందు కొంచెమే ఉంది" అని అతను బండి పైఊళ్ల వైపు తిప్పాడు.

అతను మూడు రోజులు పై ఊళ్లలో తిరిగాడు. అక్కడ ఒక్క కోడికీ తెగులు లేదు. ఇక్కడ లక్ష్మణమ్మ పెరట్లో రోజుకు నాలుగు, అయిదు పోతున్నాయి. పుంజు మూడో రోజు పోయింది. ఎదురింట్లో రెండు కూలబడ్డాయి. దానమ్మ ఆరు పెట్టల్లో నాలుగు పోయి, మిగతా రెండూ కాళ్లు పడిపోయి పడుకున్నాయి. అమ్మడి పిల్లల్లో నాలుగే పోయాయి. కంట్లో చుక్కలు పడ్డ మాట నిజమే. మిగతా పదిహేడూ బాగానే తింటున్నాయి.

లక్ష్మణమ్మ రెండు రోజులుగా అంబలి కూడా ముట్టలేదు. గొయ్యి దగ్గర కూర్చుని, చచ్చిన కోళ్లను ఒక్కొక్కటే గోనెసంచిలోంచి తీసి కింద పెడుతూ అంది:

"ఇరవై ఒక్క దినాలని నానే సెప్పేను. నా సేతుల్తో నానే కలిపేను. గంపకెత్తి నానే తెచ్చి పెట్టేను. ఆ దానమ్మని కూడా తెమ్మన్నాను. నా బుద్ధి ఏటైపోనాదో."

అమ్మడు సున్నం చల్లుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"నీ తప్పు కాదత్తా."

"మరెవులిదే?"

"నాలుగో రోజే ఒక పిల్ల సచ్చిపోనాది. రెట్ట ఆకుపచ్చగా వచ్చినాది. జీడిసెట్టు కింద పాతేసేను. నీకు సెప్పలేదు."

లక్ష్మణమ్మ చేతిలో ఉన్న పెట్టను నెమ్మదిగా కింద పెట్టింది. తలెత్తి చూసింది.

"నాను ఫోను సేసినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"అడిగేను కదే. నలత లేదు కదా అని అడిగేను."

"అడిగేవు."

"ఏల సెప్పలేదే?"

"పిల్లలు మునిగిపోతాయని. అంతకుముందు… నువ్వు తీసి పారేయమంటావని."

"ఆ బాబు అడిగితే కూడా లేదన్నావు."

అమ్మడు తల దించుకుంది. లక్ష్మణమ్మ తిడుతుందని, కొడుతుందని ఎదురుచూసింది. అత్త ఆ రెండూ చేయలేదు.

"సూది పడుంటే ఇవి బతికేవి. ఆ దినం తలుపు తీసింది నాను. అది నా పాపం, నాను మోస్తాను. ఇది నీది. దీన్ని నాను మొయ్యను." మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "దానమ్మకి నువ్వే సెప్పు. ఆ బాబుకీ నువ్వే సెప్పు. ఇప్పుడే."

దానమ్మ తన వాకిట్లో మిగిలిన రెండు పెట్టలకీ చెంచాతో నీళ్లు పడుతోంది. అమ్మడు గుమ్మం బయటే నిలబడి, "చిన్నత్తా" అని పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దానమ్మ వింటూ ఇంకో చెంచా నీళ్లు పట్టింది. అవి కోడి ముక్కు పక్క నుంచి కారిపోయాయి.

"మీ అత్తకి తెలుసేటి?"

"ఇందాకే సెప్పేను."

దానమ్మ పెట్టల్ని ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

శ్రీనాథ్‌కు ఫోను చేసి అదే చెప్పింది. "మూడు రోజుల కిందట చెప్పి ఉంటే…" అని ఆగిపోయాడు. తర్వాత మామూలు గొంతుతో చెప్పాడు. రేపు పొద్దున్నే వస్తానని, పై వీధుల్లో ఎవరూ కోళ్లను వదలకుండా చూడమని. "మీరు స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లండి. ఎవరి గుమ్మంలోకీ అడుగు పెట్టొద్దు. రోడ్డు మీద నుంచే చెప్పండి."

ఆ సాయంత్రం అమ్మడు తల మీద నీళ్లు పోసుకుని, తడి జుట్టుతోనే పై వీధులకు నడిచింది. ప్రతి ఇంటి ముందూ ఆగి కేకేసింది. "రేపు పొద్దున్న కోళ్లని వదలకండి. సూదులేసే బాబు వస్తాడు. కొక్కెర తెగులు వచ్చినాది."

"ఎక్కడి నుంచి వచ్చినాదే?" అని అడిగారు ప్రతి ఇంట్లోనూ.

"నాను తెచ్చిన పిల్లల నుంచి. ఒకటి సచ్చిపోతే దాచేసేను."

మొదటి రెండిళ్ల దగ్గర వాళ్లు రెండోసారి అడిగాకే చెప్పగలిగింది. తర్వాత అలవాటయిపోయింది, అది ఇంకా కష్టంగా ఉంది. ఒకామె చీపురు విసిరింది. ఇంకొకామె, "ఆరేళ్లుగా నీ కడుపున ఏటీ కాయనిది ఇందుకేనేటి" అని అంది. అమ్మడు వినిపించుకోనట్టు పక్కింటికి కదిలింది. వీధి చివరికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే పది అడుగుల దూరంలో లక్ష్మణమ్మ ఉంది. ఎప్పటి నుంచి వస్తోందో. అమ్మడు మళ్లీ నడిస్తే తనూ నడిచింది.

తెగులు వాళ్ల వీధిలో నాలుగిళ్ల దగ్గర ఆగిపోయింది. పై వీధుల్లో రెండు కోళ్లు తప్ప ఏవీ పోలేదు. దానమ్మవి ఆరూ పోయాయి. లక్ష్మణమ్మవి పద్దెనిమిదింటిలో ఒక్కటి మిగిలింది, దానికి మెడ ఎప్పటికీ తిన్నగా నిలవలేదు.

శ్రీనాథ్ మళ్లీ వచ్చి చూసి చెప్పాడు. "ఈ పదిహేడు పిల్లలూ పైకి బాగానే ఉన్నాయి. కానీ వీటి ఒంట్లో ఆ తెగులు ఇంకా కొన్నాళ్లు ఉండొచ్చు. ఎప్పుడు పోతుందో నేను ఖాయంగా చెప్పలేను. వీటిని అమ్మొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. ఇవి తిరుగుతున్నంత కాలం ఈ పెరట్లో గానీ పక్క పెరట్లో గానీ కొత్త కోడిని పెట్టొద్దు."

పక్క పెరడు దానమ్మది. రెండు పెరళ్లకీ మధ్య ఉన్నది కంచె మాత్రమే. అమ్మడు ఆ రోజంతా ఏ పనీ చేయకుండా వల ముందు కూర్చుంది. పిల్లలకు అప్పుడప్పుడే తోకలు వస్తున్నాయి. ఒక ఎర్రపిల్ల అలవాటుగా వచ్చి చీర అంచును లాగింది. తుపాను నీళ్లలో మునిగిపోతాయని వేటి కోసం నోరు కట్టేసుకుందో వాటిలో ఒకటి అది.

మర్నాడు తెల్లవారాక పారతో గొయ్యి తీయడం మొదలుపెట్టింది. అత్త సాయానికి వస్తే వద్దంది. పదిహేడింటికీ తనే మెడలు విరిచింది. చేత కాక మొదటిది చాలాసేపు కొట్టుకుంది. తర్వాతవి అంతసేపు కొట్టుకోలేదు. ఎర్రపిల్లను చివరికి ఉంచింది, కానీ దాన్నీ వదల్లేదు. లక్ష్మణమ్మ గట్టు మీద కూర్చుని అన్నీ అయ్యేదాకా కదల్లేదు.

అమ్మడు వాటిని గోతిలో పేర్చి సున్నం కోసం లేవబోతుంటే కంచె అవతల దానమ్మ నిలబడి ఉంది. రెండు వారాలుగా ఆ ఇంటి వైపు చూడని మనిషి. గోతిలోకి వంగి చూసింది.

"అన్నీనా?" అంది.

"అన్నీ, చిన్నత్తా."

దానమ్మ ఇంకాసేపు చూసింది. ఆమె మొహంలో కోపం తగ్గినట్టు లేదు.

"లోతు సాలదు. పైకి తీసి ఇంకో మూరెడు తవ్వు" అని చెప్పి వెళ్లిపోయింది.

అమ్మడు పిల్లల్ని పైకి తీసి ఒక పక్కగా పెట్టి, మళ్లీ పార అందుకుంది.